పిల్లలకు బొమ్మలు అమ్ముకోవడానికే సినిమాలు తీస్తే తప్పేముంది?

"నచ్చితే కొంటారు, లేకపోతే లేదు, ఇందులో తప్పేముంది?" అని మీరు అడిగారు. బొమ్మలు అమ్ముకోవడంలో తప్పు లేదండీ. కానీ షాపులో అమ్మాల్సిన బొమ్మల లిస్టు చూసి కథలో ఎవరు చావాలో తేల్చడం తప్పు. అదెలా ఉంటుందో మా ఇంట్లో చూశాను.

మా అబ్బాయికి అప్పుడు ఏడేళ్లు. ఆప్టిమస్ ప్రైమ్ బొమ్మంటే ప్రాణం. ఎర్ర లారీ, విప్పితే రోబో. అన్నం తినేటప్పుడు కూడా కంచం పక్కన ఉండాల్సిందే. వాడు సంబరపడతాడని ఒక ఆదివారం మధ్యాహ్నం 1986 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్ సినిమా పెట్టాను. ముందుగా నేను చూడలేదు, అది నా పొరపాటే. అరగంట తిరక్కుండానే ఆప్టిమస్ ప్రైమ్ చచ్చిపోతాడు. స్నేహితులంతా చుట్టూ నిలబడి చూస్తుండగా ఒంటి మీద ఎరుపూ నీలమూ పోయి బూడిద రంగుకు వచ్చేస్తాడు. తల వాలిపోతుంది.

మావాడు ఏడవలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. చేతిలో ఉన్న బొమ్మను మెల్లగా మడిచి లారీ చేసేశాడు. "ఇలా ఉంటే నిద్రపోయినట్టు నాన్నా" అన్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి మా అమ్మ చీర పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "బొమ్మేగా, పోనీలే నాన్నా" అంటే "బొమ్మ కాదు నానమ్మా" అన్నాడు. పది రోజులు ఆ లారీని విప్పనేలేదు.

ఎందుకు చంపారా అని ఆ రాత్రే వెతికి చదివాను. జపాన్‌లో టకారా అనే కంపెనీ చేసిన బొమ్మలను అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అక్కడ అమ్మింది. ఒక్కొక్క రోబోకీ పేరు, స్వభావం మార్వెల్ కామిక్స్ వాళ్లు రాసిచ్చారు. పిల్లలు ప్రేమించింది ఆ స్వభావాలనే, ప్లాస్టిక్‌ను కాదు. రెండేళ్లకు కొత్త బొమ్మలు దించాల్సి వచ్చింది. అంతే, సినిమాలో పాతవాళ్లను వరసబెట్టి చంపి ఆప్టిమస్ స్థానంలో రోడిమస్ ప్రైమ్ అనే రోబోను కొత్త నాయకుణ్ణి చేశారు. పిల్లలు అంతలా ఏడుస్తారని ఎవరూ అనుకోలేదట. పిల్లలతో కాసేపు కూర్చుని ఆడిన మనిషి ఒక్కరున్నా ముందే చెప్పేవాళ్లు.

సినిమాకు ముందు బొమ్మలుండటం చెడ్డ సంగతేమీ కాదు. 2014లో వచ్చిన లెగో సినిమా కూడా బొమ్మల కోసమే కదా. కానీ అందులో బొమ్మల్ని జిగురుతో అతికించేసి ఎవర్నీ ముట్టుకోనివ్వని తండ్రి, వాటితో ఆడుకోవాలనుకునే కొడుకు ఉంటారు. అది చూసిన రోజు మావాడు పాత డబ్బాలన్నీ కింద పోసి రాత్రిదాకా ఆడాడు. కొత్తది ఒక్కటీ అడగలేదు.

ఏది ఎలాంటి సినిమానో నేను పది నిమిషాల్లో చెప్పగలను. అవసరం లేకపోయినా హీరోకి కొత్త బండో కొత్త డ్రెస్సో వచ్చిందంటే అది షాపు కోసం తీసిన సీనే. ఈ అమ్మకాల పిచ్చి సినిమా హాల్లోనే ఆగితే బాగుండేది. జూన్‌లో స్కూలు బ్యాగు కొనడానికి వెళ్తే సినిమా బొమ్మ అచ్చేసిన దానికి ఒక రేటు, వేయనిదానికి ఒక రేటు. జిప్పు మాత్రం రెండింటిదీ దసరాకే ఊడిపోతుంది. వాటర్ బాటిల్, పెన్సిల్ బాక్స్, పుట్టినరోజు కేకు, అన్నిటి మీదా అవే మొహాలు. కొనకపోతే పిల్లవాడు క్లాసులో చిన్నబోతాడని టెన్షన్. "నచ్చితే కొంటారు" అని మీరన్న మాట పెద్దవాళ్లకు సరిపోతుందేమో, ఏడేళ్ల పిల్లాడికి సరిపోదు.

పదకొండో రోజున మావాణ్ణి కూర్చోబెట్టుకుని చెప్పాను. ఆ సినిమా చూసి పిల్లలు చాలా బాధపడ్డారని, ఉత్తరాలు కూడా రాశారని, 1987లో టీవీ సీరియల్లో ఆప్టిమస్ ప్రైమ్‌ను మళ్లీ బతికించారని. ఆ గొడవకే, అప్పుడు తయారవుతున్న జీఐ జో (ఇవీ హాస్‌బ్రో బొమ్మలే, సైనికులవి) కార్టూన్ సినిమాలో డ్యూక్ అనే సైనికుడు చనిపోయే సీన్‌ను కోమాగా మార్చారు కూడా.

"పిల్లలు రాస్తే బతికించారా?" అని రెండుసార్లు అడిగాడు. లారీ తెచ్చుకుని నా పక్కనే కూర్చుని ఒక్కో చెయ్యీ విప్పాడు.