నడుము కింద సంగతి కూడా చూడు అల్లుడూ

అల్లుడూ,

బండి కొన్నావని, సంక్రాంతికి దాని మీదే ఒంగోలు వస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తల్లి కదా, ఆమె టెన్షన్ ఆమెది. నేను మాత్రం రావద్దని అనను. నువ్వు నిన్న పంపిన లిస్టు చూశాను. మంచి హెల్మెట్, జాకెట్, గ్లోవ్స్, బూట్లు అన్నీ ఉన్నాయి. ప్యాంటు దగ్గర మాత్రం "జీన్స్ ఉంది కదా మామయ్యా" అని రాశావు. ఈ ఉత్తరం ఆ ఒక్క ముక్క చూసే రాస్తున్నాను.

పదకొండేళ్ల కిందట నేనూ జీన్స్‌లోనే పడ్డాను. పిడుగురాళ్ల దాటాక ఒక మలుపులో కంకర పరుచుకుని ఉంది. నా వేగం 40 దాటలేదు. 40 అంటే నిదానమే అనుకుంటాం. కానీ సెకనుకు 11 మీటర్లు పోతున్నట్టు. బండి ఎడమకు పడిపోయింది, నా ఎడమ మోకాలూ తుంటీ రోడ్డును రాసుకుంటూ పోయాయి. మామూలు జీన్స్ బట్ట ఆ రాపిడికి నిండా ఒక్క సెకను కూడా ఆగదు. ఎముకలు విరగలేదు. కానీ చర్మం దోక్కుపోయిన చోట నూలు పోగులు, ఇసుక ఇరుక్కుపోతే నర్సమ్మ కడుగుతూ ఒక్కొక్కటీ పట్టకారుతో తీసింది. ఆ మంట ఇప్పటికీ గుర్తుంది. నెలన్నర పాటు మోకాలు ముడవలేదు. మీ అత్తయ్యే స్టూలు వేసి స్నానం చేయించింది. ఆరోజు నా ఒంటి మీద ఖరీదైన జాకెట్ ఉంది, దానికి గీత కూడా పడలేదు.

పడినప్పుడు జరిగేవి రెండు. ఒకటి దెబ్బ, రెండోది రాపిడి. దెబ్బను ప్యాడ్ ఆపాలి, రాపిడిని బట్ట ఆపాలి. షాపులో ప్యాడ్లు నొక్కి చూపించి ప్యాంటు అమ్మేస్తారు. నువ్వు బట్ట సంగతి కూడా అడుగు. లోపలి లేబుల్ మీద బైక్ బొమ్మ, ఈఎన్ 17092 అనే అంకె, పక్కన ఏఏఏ, ఏఏ, ఏ, బి, సి లలో ఏదో ఒకటి ఉంటుంది. అది ఐరోపా వాళ్ల ప్రమాణం. ఏఏఏ అన్నిటికన్నా గట్టిది, బరువూ వేడీ కూడా ఎక్కువే. హైవేకి ఏఏ దొరికితే మంచిది. ఊళ్లో తిరగడానికి, మన ఎండలకి ఏ కూడా పనికొస్తుంది. బి అంటే బట్ట ఏ లాంటిదే, కానీ ప్యాడ్లు ఉండవు. సి అంటే ప్యాడ్లను పట్టి ఉంచడానికి మాత్రమే, రాపిడికి దాన్ని నమ్ముకోవద్దు. ప్యాడ్ల మీద ఈఎన్ 1621-1 అని, లెవెల్ 1 లేదా 2 అని ఉంటుంది. పరీక్షలో దెబ్బ కొట్టినప్పుడు లెవెల్ 1 ప్యాడ్ లోపలికి సగటున 35 కిలోన్యూటన్ల బలానికి మించి పోనివ్వకూడదు, లెవెల్ 2 అయితే 20కి మించకూడదు. నా మాట విని మోకాళ్లకు లెవెల్ 2 తీసుకో. తుంటి దగ్గర జేబులు కుట్టి, లోపల ఉత్త స్పాంజి ముక్క పెట్టి అమ్మేవి చాలా ఉన్నాయి. చెయ్యి పెట్టి బయటికి తీసి చూడు. స్పాంజి అయితే అసలైన ప్యాడ్లు విడిగా కొని వేసుకో.

కెవ్లార్ అనే గట్టి పోగు వాడిన జీన్స్ అని కూడా చూపిస్తారు. చూడటానికి మామూలు ప్యాంటులాగే ఉండి ఆఫీసుకు కూడా బాగుంటుంది కాబట్టి నీకు నచ్చుతుంది. కొనేముందు లోపలికి తిరగేసి చూడు. చాలా వాటిలో పసుపు రంగు గుడ్డ మోకాళ్ల దగ్గర, సీటు దగ్గర మాత్రమే ఉంటుంది, తుంటి పక్క ఖాళీ. నాకు ఎక్కువ దోక్కుపోయింది ఆ పక్కే. ట్రాక్ ప్యాంటు జోలికి మాత్రం అస్సలు పోవద్దు. ఆ బట్ట రాపిడి వేడికి కరిగి పుండుకే అంటుకుంటుంది.

ఇక అసలు కష్టం ఎండ. నువ్వు సంక్రాంతి చలిని చూసి మందపాటి ప్యాంటు కొంటే, మే నెలలో నార్కెట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద దాన్ని విప్పి బ్యాగులో పెట్టేస్తావు. నాకు తెలిసిన కుర్రాళ్లు నలుగురైదుగురు అచ్చంగా అదే చేశారు. అందుకే మెష్ ప్యాంటు చూడు. తొడల ముందు జల్లెడలా గాలాడాలి. మోకాలు, తుంటి, సీటు దగ్గర మాత్రం గట్టి బట్ట ఉండాలి. ప్యాంటంతా మెష్‌గానే ఉన్నది వద్దు. పిక్క లోపలి వైపు ఇంజిన్ వేడికి తట్టుకునే ముక్క ఉందా చూసుకో, సిటీ ట్రాఫిక్‌లో దాని విలువ తెలుస్తుంది. చలికి లోపల ఒక పొర ఎక్కువ వేసుకోవచ్చు, ఎండకు చర్మం తీసి పక్కన పెట్టలేం కదా. వాన కోసం లోపల లైనర్, అంటే నీళ్లు ఆపే పొర, ఇచ్చేవాటికి ఎక్కువ డబ్బు పెట్టకు. లైనర్ లోపల ఉంటే పైబట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. పైన తొడుక్కునే రెయిన్ ప్యాంటే నయం.

సైజు నిలబడి చూస్తే తెలియదు. షాపు వాళ్లను అడిగి బండి మీద కూర్చో, లేదంటే స్టూలు మీద కాళ్లు వెనక్కి ముడిచి పది నిమిషాలు కూర్చో. అప్పుడు ప్యాడ్ మోకాలి చిప్ప మీద నుంచి కింద ముంగాలి ఎముక దాకా ఉండాలి. తొడ మీదికి ఎక్కిందంటే లోపలి జేబులో దాన్ని కిందికి దింపే వీలుందో లేదో చూడు. ప్యాడ్‌ను చేత్తో పట్టి పక్కకు తిప్పు. సులువుగా తిరిగిందంటే పడినప్పుడూ తిరుగుతుంది, ఆ సైజు వద్దు. కూర్చున్నప్పుడు అంచు బూటు మీదికి రావాలి. నిలబడితే కొంచెం పొడుగ్గా కనిపిస్తుంది, ఏం ఫరవాలేదు. గజ్జల దగ్గర లావుపాటి కుట్టు ఉంటే గంటలో ఒరుసుకుంటుంది. లోపల కాటన్ డ్రాయర్ కాకుండా త్వరగా ఆరే పొడుగు ఇన్నర్ వేసుకో. చెమటతో తడిసిన కాటన్ తొడలను ఎంత ఒరుస్తుందో మన కోస్తా ఉక్కలో పుట్టినవాడికి నేను వేరే చెప్పక్కర్లేదు.

జేబుల్లో తాళాలు పెట్టకు. పడితే ప్యాడ్ లేని చోట అవే గుచ్చుకుంటాయి.

డబ్బు గురించి మొహమాటపడకు. రైనాక్స్, వయాటెర్రా, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి మన దేశపు కంపెనీల ప్యాంట్లు కూడా చూడు, అన్నీ విదేశాల నుంచే రావక్కర్లేదు. జాకెట్ ఒక మెట్టు తక్కువది తీసుకుని అయినా సరే, మిగిలింది దీనికి పెట్టు. ఇంకా తక్కువైతే నాకు చెప్పు, పండక్కి నీకు బట్టలు పెట్టేది ఎలాగూ నేనే.

శనివారం షాపుకు వెళ్తానన్నావుగా. బండి మీద కూర్చుని పక్క నుంచి ఒక ఫొటో తీయించి పంపు. మోకాలి దగ్గర ప్యాడ్ ఎక్కడుందో చూసి చెప్తాను, బిల్లు అప్పుడు కట్టు.

మీ మామయ్య