మీ ప్రశ్న – మా జవాబు: 49కి దిగాలా, 57కి ఎక్కాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, బరువు 52 కిలోలు. తైక్వాండో జూనియర్స్‌లో 52 కిలోల లోపు ఆడుతోంది. అంతర్జాతీయ పోటీలకు వెళ్లాలంటే 49కి తగ్గమంటున్నారు. తగ్గించాలా?

జవాబు: తొందరపడకండి. 17 నిండే సంవత్సరం నుంచి సీనియర్స్‌లో ఆడొచ్చు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆడవాళ్లకు 53 కిలోల కేటగిరీ ఉంది, మీ అమ్మాయికి సరిగ్గా సరిపోతుంది. చిక్కల్లా ఒలింపిక్స్‌తోనే. అక్కడున్నవి నాలుగే: 49, 57, 67, ఆపైన. 53లో ఆడేవాళ్లు కిందికో పైకో జరగక తప్పదు. ఇంకా పొడుగు పెరుగుతోందంటే 57 వైపే నడిపించండి. పెరిగే పిల్లను తిండి మాన్పించి ఆపడం మాత్రం వద్దే వద్దు.

ఇంకో లెక్క కూడా చూడండి. బరువు ముందురోజు తూస్తారు. ఎక్కువొస్తే గడువులోగా ఇంకొక్కసారి ఎక్కనిస్తారు. పోటీ రోజు పొద్దున కొందరిని ఎంపిక చేసి మళ్లీ తూస్తారు. అప్పుడు పరిమితికి 5 శాతం మించకూడదు. 49కి అది 51.45 కిలోలు. నీళ్లు మానేసి, చెమట పట్టించి 49కి దిగిన పిల్ల రాత్రి తిని తాగి తెల్లారేసరికి మళ్లీ 52కి వచ్చేస్తే, ఒక్క కిక్కు కొట్టకుండానే పోటీ నుంచి ఔట్.

ప్రశ్న: ర్యాంకింగ్ పాయింట్లు ఎలా వస్తాయి?

జవాబు: ముందు కుక్కివాన్ (కొరియాలోని తైక్వాండో ప్రధాన కేంద్రం) ఇచ్చే డాన్, అంటే బ్లాక్‌బెల్ట్ స్థాయి సర్టిఫికెట్, అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ తైక్వాండో లైసెన్స్ ఉండాలి. క్లబ్బు ఇచ్చిన బెల్టు ఒక్కటే చాలదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పోటీల స్థాయిని బట్టి జీ1, జీ2 లాంటి గ్రేడ్లుంటాయి. జీ1 ఓపెన్‌లో స్వర్ణానికి 10 పాయింట్లు, జీ2లో 20, ఒలింపిక్స్‌లో 200. పారిస్ 2024కి ఒలింపిక్ ర్యాంకింగ్‌లో ఒక్కో కేటగిరీ నుంచి తొలి 5 స్థానాలకు నేరుగా అవకాశం దక్కింది. మొదట్లో దూరపు జీ2లో తొలి బౌట్‌కే ఓడి రావడం కన్నా, దగ్గరి జీ1లలో నాలుగైదు బౌట్లు ఆడటమే మేలు.

ప్రశ్న: గట్టిగా తన్నినా స్కోరు పడటం లేదు. ఎందుకు?

జవాబు: ముందు స్కోరు పట్టే సెన్సర్లున్న సాక్సు చూడండి. అది కాలి మీద మెలి తిరిగితే సెన్సర్ పక్కకు జరుగుతుంది. మీగాలు తగలాల్సిన చోట మోకాలి కింది ఎముక తగిలితే దెబ్బ ఎంత గట్టిదైనా సున్నాయే. ప్రత్యర్థికి మరీ దగ్గరగా నిలబడి తన్నేవాళ్లకు ఎక్కువగా జరిగేది ఇదే. అర అడుగు వెనక్కి జరిగి, మోకాలు ఎత్తి, మీగాలు తిన్నగా చాపి తగిలేలా సాధన చేయించండి.

చెస్ట్‌గార్డ్‌కు కిక్కు తగిలితే 2, తలకు తగిలితే 3. ఒళ్లు గిర్రున తిప్పి తన్నితే ఇంకో 2 కలుస్తాయి, అయితే ఆ అదనపు పాయింట్లు, పంచ్‌కిచ్చే 1 పాయింటు జడ్జీల చేతిలోనివి. చెస్ట్‌గార్డ్ మీద ఎంత బలం పడితే స్కోరో కేటగిరీని బట్టి సెట్ చేస్తారు. 57కి ఎక్కే పిల్ల ఆ కేటగిరీ సెట్టింగ్‌లోనే రోజూ ప్రాక్టీస్ చేయాలి.