అనుబంధం-3లో పెట్టేసిన నోట్‌బుక్

హన్మకొండ

బిడ్డా,

నీ రీసెర్చ్ పేపర్ ఆదివారం చదివాను. 38 పేజీలు. 34వ పేజీ దాకా ఒకటే విసుగు. 35వ పేజీలో, అనుబంధం-3 అని పేరు పెట్టి, ఒక పాత నోట్‌బుక్ ఫొటోలు నాలుగు అంటించావు. అక్కడ ఆగిపోయాను. మా ఆయన అన్నానికి రెండుసార్లు పిలిచినా లేవలేదు. నీ మీద కోపం వచ్చింది కూడా అక్కడే.

గల్ఫ్ పోయినవాళ్లు మాస్టారు లేకుండా, క్లాసు లేకుండా అరబ్బీ ఎలా నేర్చుకుంటారన్నది నీ విషయం. మంచి విషయం. ఇంతకంటే పొగడను. ఆ విషయం పట్టుకుని నువ్వేం చేశావు? తిరిగొచ్చిన 140 మంది చేత 58 ప్రశ్నల ఫారం నింపించావు. ఆ ఫారం 1977లో అమెరికాలో గూగ్లియెల్మినో అనే పరిశోధకురాలు తయారుచేసింది, సొంతంగా చదువుకోవడానికి మనిషి ఎంత సిద్ధంగా ఉన్నాడో కొలవడానికి. పన్నెండేళ్లు ఎండలో స్లాబులు పోసి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, నేర్చుకోవడమంటే నీకెంత ఇష్టం, ఐదుకు ఎన్ని మార్కులేసుకుంటావు అని అడిగితే నాలుగంటాడు. పాపం, ఎవరో ఆడపిల్ల ఫైలు పట్టుకుని ఇంటిదాకా వచ్చింది, ఏదో పథకం వస్తుందేమోనని నాలుగంటాడు. ఆ నాలుగుల్ని కూడి, భాగించి, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా మూడు దశాంశాల దాకా లెక్కగట్టావు. ఇంతా చేస్తే ఆయనకు అరబ్బీ వచ్చిందో లేదో నాకు తెలియలేదు.

ఇప్పుడు నోట్‌బుక్ దగ్గరికి వద్దాం. నువ్వు కె-7 అని పిలిచిన మనిషి కువైట్‌లో రాసుకున్నది. అరబ్బీ మాటలు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. రెండో ఫొటోలో ఒక వరస: "మాఫీ = లేదు (మన మాఫీ కాదు)". రుణమాఫీ వినీ వినీ ఉన్న చెవికి ఆ మాట తికమక పెడుతుందని తనకు తానే హెచ్చరిక రాసుకున్నాడు. అదే పేజీ కింద కాఫీకి "ఖహ్వా" అని రాసి, కొట్టేసి, పైన "గహ్వా" అని దిద్దాడు. పుస్తకంలో చూసింది మొదటిది, గల్ఫ్ జనం నోట విన్నది రెండోది. ఎవరూ దిద్దలేదు, తనే విన్నాడు, తనే దిద్దుకున్నాడు. "తఆల్" (రా) అన్నచోట 'ఆ' అనే అక్షరం చుట్టూ సున్నా చుట్టాడు చూశావా? గొంతులోంచి వచ్చే ఆ శబ్దానికి తెలుగులో అక్షరం లేదు. ఆయన సొంతంగా ఒక గుర్తు పుట్టించుకున్నాడు! దీని గురించి పేపర్లో ఎక్కడా ఒక్క వాక్యం లేదు.

సొంతంగా నేర్చుకోవడమంటే ఏమిటో హోలెక్ ఇచ్చిన నిర్వచనానికి ఆరు పేజీలు ఖర్చుపెట్టావు. 1981 పుస్తకంలో ఆయన చెప్పింది ఇంతే: ఏం కావాలో, ఏది ముందో, ఎలా నేర్చుకోవాలో తనే తేల్చుకోవడం, ఎలా సాగుతోందో చూసుకోవడం, ఎంత వచ్చిందో అంచనా వేసుకోవడం. కె-7 మొదటి పేజీల్లో ఉన్నవన్నీ అంకెలు, పనిముట్లు. పలకరింపులు తర్వాత వచ్చాయి. పనికి ఏది ముందు కావాలో అది ముందు. హోలెక్‌ను ఆ పేజీల పక్కన పెట్టి చదివితే ఆరు పేజీలు ఒకటిన్నరకు దిగుతాయి.

ఒక్క మనిషి మీద రాస్తే జర్నల్ వాళ్లు ఒప్పుకోరని మీ గైడ్ అన్నారన్నావు. 1983లో రిచర్డ్ ష్మిట్ అనే భాషా పరిశోధకుడు రాసింది హవాయిలో ఉంటున్న ఒకే ఒక్క జపాన్ చిత్రకారుడి ఇంగ్లీషు గురించి. 1986లో ఫ్రోటాతో కలిసి రాసింది తన సొంత పోర్చుగీసు గురించి: బ్రెజిల్‌లో ఐదు నెలలు డైరీ రాశాడు, తన మాటలు టేపు చేయించాడు, రెండిటినీ పక్కపక్కన పెట్టాడు. ఎదుటివాళ్ల మాటల్లో తాను గమనించినవే తన నోట్లోకి వచ్చాయని తేల్చాడు. కె-7 కొట్టివేత కూడా ఆ గమనించడమే కదా! కాకపోతే ష్మిట్ దగ్గర టేపులున్నాయి, నీ దగ్గర లేవు. వెళ్లి కె-7 చేత అరబ్బీలో ఒక అరగంట మాట్లాడించి రికార్డు చెయ్. గల్ఫ్‌లో పనివాళ్ల అరబ్బీ మీద స్మార్ట్ అనే ఆయన 1990లోనే రాశాడు, అదీ చదువు.

నాకెందుకింత మంట అంటే, ఈ దెబ్బ నేను తిన్నాను. 1987లో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కుర్రాడు నాలుగు భాషలు ఎలా పట్టాడో రాసి, అద్దె టైప్‌రైటర్ మీద కార్బన్ పెట్టి మూడు కాపీలు కొట్టి, ఒక విదేశీ జర్నల్‌కు ఎయిర్‌మెయిల్‌లో పంపాను. పదకొండు నెలలకు జవాబొచ్చింది, రెండే లైన్లు: ఒక్క మనిషి గురించి రాస్తే అది కథ అవుతుందట. ష్మిట్ వ్యాసం ఏడాది ముందే అచ్చయిందని నాకు తెలియదు. అది ఉన్న పుస్తకం మా లైబ్రరీకి చేరడానికి నాలుగేళ్లు పట్టింది. నేను భయపడి, కుర్రాణ్ని తీసేసి, అరవై మంది చేత ఫారాలు నింపించి ఇంకోచోట వేయించుకున్నాను. దాన్ని ఇవాళ్టికీ ఎవరూ ఉదహరించలేదు. ఆ కుర్రాడి మాటలున్న క్యాసెట్ మీద మా ఇంట్లో ఎవరో సినిమా పాటలు రికార్డు చేసుకున్నారు. ఆ ఎడిటర్ పేరు ఇంకా గుర్తుంది. రాయనులే.

ఇంకో సంగతి, జాగ్రత్తగా విను. మొదటి ఫొటోలో నోట్‌బుక్ అట్ట మీద స్కూలు లేబుల్ చెరపడం మర్చిపోయావు. మూడో తరగతి, బి సెక్షన్, నీ పేరు. నువ్వు సగం రాసి వదిలేసిన నోట్‌బుక్‌ను మీ నాన్న కువైట్ తీసుకెళ్లారన్నమాట. రివ్యూయర్లకు పేరు తెలియకుండా పంపాల్సిన కాపీలో అది ఉండకూడదు. కానీ సమాచారం ఇచ్చినాయన నాన్నేనన్న సంగతి పద్ధతుల విభాగంలో దాచకుండా రాయి. పేరు అక్కర్లేదు, సంబంధం చెప్పాలి. ఎడిటర్‌కు రాసే కవర్ లెటర్లోనూ చెప్పు. కూతురు అడగడం వల్ల ఆయన ఏం చెప్పారో, ఏం దాచారో కూడా రాయి. నాన్న దగ్గర ఒప్పుకోలు సంతకం తీసుకున్నావా? తీసుకో, నవ్వుతారు, అయినా తీసుకో.

బ్రౌన్ దొరతో మొదలుపెట్టిన పేరా తీసెయ్. ఆయన పక్కన జీతాలిచ్చి పెట్టుకున్న పండితులున్నారు. మీ నాన్న పక్కన ఎవరున్నారు, బంక్ బెడ్ పై వరసలో పడుకున్న మనిషి తప్ప? "ఖల్లివల్లి" మాట మీద నువ్వు రాసిన పేరా మాత్రం ఉంచు. అక్కడ 'వదిలెయ్' అనడానికి వాడే మాట, ఇక్కడ మన న్యూస్‌పేపర్లలో సరైన కాగితాలు లేకుండా గల్ఫ్‌లో ఉండిపోయినవాళ్లకు పేరైపోయింది.

ఎక్కడికి పంపాలంటావా, జపాన్ నుంచి 2010 మొదలు వస్తున్న 'స్టడీస్ ఇన్ సెల్ఫ్-యాక్సెస్ లెర్నింగ్ జర్నల్' పాత సంచికలు ఉచితంగానే దొరుకుతాయి, నాలుగు చదివి చూడు. ఒకేసారి రెండు చోట్లకు పంపకు. మూడు రోజుల్లో వేస్తాం, డబ్బు కట్టమని మెయిల్ పెట్టినవాళ్లకు జవాబే ఇవ్వకు. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. మీ యూనివర్సిటీ ఇంకా అడుగుతోందంటే ఆ టెన్షన్‌లో పడి అలాంటివాళ్లకు డబ్బు పొయ్యకు.

నువ్వడిగిన మిగతా ప్రశ్నలు తర్వాత చూద్దాం. ముందు ఇది కనుక్కుని ఫోన్ చెయ్: నాలుగో ఫొటోలో, అంటే నోట్‌బుక్ 31వ పేజీలో, ఆ సున్నా గుర్తు లేదు. "తఆల్" మళ్లీ వచ్చింది, చుట్టూ ఏమీ లేదు. అప్పటికి ఆ శబ్దం నోటికి అలవాటై గుర్తు అవసరం లేకపోయిందా, లేక దాన్ని పట్టించుకోవడమే మానేశారా? మీ నాన్ననే అడుగు. అడిగేటప్పుడు రికార్డర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకో.

ఆశీస్సులతో,
మీ మేడమ్