బాపు లెక్క రాశారు, అమ్మ లెక్క ఏది?

ప్రశ్న: మాది హన్మకొండ. బాపుకు 74 ఏళ్లు, రెండేళ్లుగా హార్ట్ ఫెయిల్యూర్. పోయిన ఏడాది ఒంట్లో నీరు చేరి రెండుసార్లు అడ్మిట్ చేశాం. ఆయనను చూసుకునేది అమ్మే, ఆమెకు 67. బాపు పేరు మీద 9 లక్షల ఎఫ్‌డీ ఉంది. మందులు, టెస్టులకు నెలకు 7 వేలు అవుతోంది. నేను హైదరాబాద్‌లో 42 వేల జీతానికి చేస్తున్నా. ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేయనా? ఎఫ్‌డీ తీసి బాపుకు హెల్త్ పాలసీ కట్టనా?

జవాబు: రెండూ వద్దు.

ముందు పాలసీ సంగతి. 2024 నుంచి వయసు పరిమితి తీసేసిన మాట నిజమే. కానీ ఉన్న జబ్బుకు బీమా కంపెనీ మూడేళ్ల దాకా ఆగమనవచ్చు, అసలు పాలసీయే ఇవ్వమనవచ్చు. దానికి బదులు బాపు ఆధార్‌తో కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత చికిత్స. మీరు వెళ్లే ఆసుపత్రిలో అది చెల్లుతుందా అని ఇప్పుడే అడిగి పెట్టుకోండి, అడ్మిషన్ కౌంటర్ దగ్గర కాదు. ఒక చిక్కుంది. ఈ కార్డు అడ్మిట్ అయితేనే పనికొస్తుంది. డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు కూడా అందులోనే వస్తాయి, ఆ పైన నెలనెలా గోలీల ఖర్చు మీదే. తక్కువ ధరకు మందులమ్మే జన ఔషధి దుకాణంలో ఏవి దొరుకుతాయో చీటీ పట్టుకెళ్లి చూడండి. డాక్టర్‌ను అడగకుండా మాత్రం ఏదీ మార్చొద్దు.

ఇక మీ 7 వేల లెక్కలో అమ్మ లేదు. రాత్రి ఆయాసం వస్తే లేచి దిండ్లు ఎత్తు చేసేది ఆమె. ఉప్పు తగ్గించి కూర వేరే వండేది, తాగే నీళ్లు కొలిచేది, ఆవకాయ జాడీ దాచిపెట్టి మాటలు పడేదీ ఆమే. అమ్మ నడుము పట్టుకుపోయిన రోజు ఈ ఇంటి బడ్జెట్ మొత్తం తలకిందులవుతుంది. ఉద్యోగం మానేస్తే ఏడాదికి 5 లక్షల పైన పోతుంది. అందులో చిన్న వంతుతోనే అమ్మకు సాయం దొరుకుతుంది. వాడకట్టులో తెలిసిన మనిషిని పొద్దున పూట నాలుగు గంటల పాటు ఉండేలా కుదుర్చుకోండి. నెలకు 7 వేలు అడిగారనుకుందాం.

ఆ డబ్బు ఇలా వస్తుంది. ఎఫ్‌డీ గడువు తీరాక 6 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో అమ్మ పేరు మీద వేయండి. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 12,300 ఆమె ఖాతాలో పడుతుంది, అంటే నెలకు 4,100. మిగతా 2,900 మీరు పంపండి. తక్కిన 3 లక్షల్లో లక్ష సేవింగ్స్ ఖాతాలో ఉంచి, రెండు లక్షలు లక్ష చొప్పున రెండు ఎఫ్‌డీలు చేయండి. అవసరమొస్తే ఒకటే తీస్తారు, రెండోదాని వడ్డీ పోదు.

నేను డాక్టర్ని కాను గానీ, ఇలాంటి ఇళ్లలో బరువు చూసే మిషన్ కంటే లాభమైన పెట్టుబడి నాకు కనబడలేదు. రోజూ పొద్దున బాపు బరువు రాసి పెట్టండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టు, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. అడ్మిషన్ ఒక్కటి తప్పినా ఆ మిషన్ ఖర్చు ఎన్నో రెట్లు తిరిగొచ్చినట్టే.

ఈ వారం ఒక్క పనికి సెలవు పెట్టండి. ఇద్దరినీ బ్యాంకుకు తీసుకెళ్లి బాపు ఖాతాను జాయింట్ చేయించి, అమ్మ పేరుతో వేరే ఏటీఎం కార్డు తీయించండి. అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కేటప్పుడు ఆమె చేతిలో ఉండాల్సింది అదే.