పరుగులో ఒలింపిక్ స్వర్ణం గెలిచి, తర్వాత యుద్ధంలో రహస్య పోరాటంలోకి దిగిన క్రీడాకారులు ఉన్నారా? ఆ పరుగు దమ్ము అక్కడ పనికొచ్చిందా?

ఉన్నారు. నేను కాస్త దగ్గరగా తెలుసుకున్న జీవితం మాత్రం ఒకటే: యానుష్ కుసొచీన్‌స్కీ అనే పోలండ్ రన్నర్‌ది. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల స్వర్ణం ఆయనదే. 1940 జూన్‌లో వార్సా శివార్లలోని పల్మిరి అడవిలో జర్మన్లు ఆయన్ని కాల్చి చంపారు. అప్పటికి 33 ఏళ్లు.

రెండో ప్రశ్నకు కూడా జవాబు ముందే చెప్పేస్తాను. దమ్ము పెద్దగా పనికొచ్చినట్టు నాకు కనిపించలేదు. పనికొచ్చింది ఆయన ముఖం. మీదికి ముప్పు తెచ్చిందీ ఆ ముఖమే. ఎలాగో చెప్తాను.

నాకీ సంగతులు ఎలా తెలుసంటే, వరంగల్‌లో చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ మీట్లలో 5000 మీటర్లు పరిగెత్తేవాణ్ని. పెద్ద రన్నర్నేం కాదు, ఫైనల్‌కి వెళ్తే అదే పండగ. తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వార్సా వచ్చాను. ఇక్కడ కూడా పొద్దున్నే పరుగు మానలేదు. వజియెంకి పార్కు చుట్టూ పరిగెడతానని ఆఫీసులో చెబితే, పక్క సీటాయన నవ్వి, "మీ ముందు అక్కడ కుసొచీన్‌స్కీ పరిగెత్తాడు, పైగా ఆ మొక్కలకి నీళ్లు పోసింది కూడా ఆయనే" అన్నాడు. ఆయన చదివిన బడికి కుసొచీన్‌స్కీ పేరే పెట్టారట. ఆ పేరున్న బళ్లూ వీధులూ పోలండ్ అంతటా ఉన్నాయి. అలా మొదలైంది నా ఆసక్తి.

మొక్కల మాట నిజమే. కుసొచీన్‌స్కీ డబ్బున్న ఇంట్లో పుట్టలేదు. 1907 జనవరిలో వార్సాలో పుట్టాడు, అప్పటికి అది రష్యా సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి రైల్వేలో కార్మికుడు. తోటపని చదువుకుని ఆ పార్కులోనే తోటమాలిగా చేశాడు. మొదట్లో ఆడింది ఫుట్‌బాల్, అదీ కార్మికుల క్లబ్బు తరఫున. ఓ రోజు రిలేలో ఒక మనిషి తక్కువైతే ఈయన్ని దింపారనీ, అక్కడ ఆయన పరుగు చూసి అందరూ నోరెళ్లబెట్టారనీ చెప్తారు. పొట్టి మనిషి కాబట్టి 'కూసీ' అని ముద్దుపేరు. ఇప్పటికీ ఇక్కడి పెద్దవాళ్లు ఆ పేరుతోనే అంటారు.

ఆయన్ని అసలైన రన్నర్‌గా తయారుచేసింది అలెక్సాందర్ క్లుంబెర్గ్ అనే ఎస్తోనియా దేశపు కోచ్. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో డెకాథ్లాన్ (పది అంశాల పోటీ) కాంస్యం గెలిచినవాడు. ఈ క్లుంబెర్గ్ కథ కూడా విషాదమే. శిష్యుణ్ని జర్మన్లు చంపితే, గురువుని 1944లో సోవియట్ పోలీసులు పట్టుకెళ్లారు. 1956 దాకా శిబిరాల్లో ఉంచారు. ఆ ప్రాంతంలో పుట్టడమే ఆ కాలంలో శాపం.

ఇక 1932. ఆ ఏడాది జూన్‌లో ఆంట్‌వెర్ప్‌లో 3000 మీటర్లు 8:18.8లో పరిగెత్తి, ఫిన్‌లాండ్ దిగ్గజం పావో నూర్మీ రికార్డుని కొట్టాడు. నూర్మీ పేరు విన్నవాళ్లకి ఈ మాట బరువేమిటో తెలుస్తుంది. 10,000 మీటర్లయితే ఫిన్‌లాండ్ వాళ్ల సొంత ఆస్తి లెక్క. ఒలింపిక్స్‌లో ఆ పందెం 1912లో మొదలైంది. అప్పట్నుంచి 1928 దాకా ప్రతిసారీ స్వర్ణం ఫిన్‌లాండ్‌దే: కోలెహ్మైనెన్, నూర్మీ, రితోలా, మళ్లీ నూర్మీ. లాస్ ఏంజెలిస్‌కి నూర్మీ వచ్చాడు గానీ, డబ్బు తీసుకుని పరిగెత్తాడన్న ఆరోపణతో దిగనివ్వలేదు. అందుకే కుసొచీన్‌స్కీ గెలిచాడని కొందరు తేలిగ్గా తీసేస్తారు. నేనొప్పుకోను. ఆయన టైమింగ్ 30:11.4, ఒలింపిక్ రికార్డు. 1928లో నూర్మీ గెలిచిన టైమింగ్ 30:18.8. మిగతాది మీరే లెక్కేసుకోండి.

ఆ పందెం జులై 31న జరిగింది. ఫిన్‌లాండ్ రన్నర్ వోల్మారి ఇసో-హోల్లో, ఈయన, ఇద్దరూ మిగతావాళ్లని వెనక్కి నెట్టేసి నువ్వా నేనా అని పరిగెత్తారు. చివర్లో స్పీడు పెంచి ఈయన ముందుకొచ్చాడు. తేడా సెకనుకు కొంచెం పైన. 25 ల్యాపులు, సగటున ల్యాపుకి 72 సెకన్ల చిల్లర, అదీ ఆ కాలపు ట్రాక్ మీద. నా మంచి రోజుల్లో ఆ స్పీడుతో కొన్ని ల్యాపులు లాగితేనే కళ్లు తిరిగేవి. కుసొచీన్‌స్కీ పాదాలు ఆ రోజు బొబ్బలెక్కి పుండ్లయ్యాయి. 5000 మీటర్లలో దిగనేలేదు. (ఇసో-హోల్లోకి ఆ ఒలింపిక్స్‌లోనే స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు దాటుతూ పరిగెత్తే పందెం) స్వర్ణం వచ్చింది. ల్యాపులు లెక్కపెట్టే ఆయన పొరబడటంతో అందరూ ఒక ల్యాపు ఎక్కువే పరిగెత్తారు. ఇప్పుడైతే ఎంత గొడవయ్యేదో!)

ఆ తర్వాత అంత సాఫీగా సాగలేదు. 1934లో టురిన్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్‌లో 5000 మీటర్ల రజతం వచ్చింది. మోకాలు దెబ్బతినడంతో 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో పోటీపడలేదు. ఈ మధ్యకాలంలో వ్యాయామ విద్య చదివాడు, క్రీడా పత్రికల్లో పనిచేశాడు. అందరూ ఇక అయిపోయిందనుకున్నాక 1939లో మళ్లీ ట్రాక్ ఎక్కాడు. పోలండ్ 10,000 మీటర్ల ఛాంపియన్ అయ్యాడు. 1940 ఒలింపిక్స్ టోక్యో నుంచి హెల్సింకికి మారాయి. ఈయన మనసంతా వాటి మీదే ఉంది.

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద దండెత్తింది. మోకాలు చూస్తే ఎవరూ సైన్యంలోకి రమ్మనరు. తనే వెళ్లి చేరాడు. వార్సా ముట్టడిలో మెషిన్‌గన్ దళంలో పోరాడి గాయపడ్డాడు. శౌర్య పతకం ఇచ్చారు. నెలాఖరుకి నగరం లొంగిపోయింది. అప్పుడు ఆయన పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి. తగిలిన దెబ్బలు, ముందే పాడైన మోకాలు. 32 ఏళ్ల వయసు. రద్దయిపోయిన ఒలింపిక్స్. పైగా జర్మన్లు పోలిష్ వాళ్లకి క్రీడలే లేకుండా చేశారు. క్లబ్బులు మూసేశారు, మైదానాలు లాక్కున్నారు. ఫుట్‌బాల్ ఆడాలన్నా దొంగచాటుగా ఆడుకోవాలి.

ఆటలు పోయి ఉపాధి లేని క్రీడాకారులు కొందరు కలిసి యస్నా వీధిలో ఒక హోటల్ పెట్టుకున్నారు. పేరు 'పోద్ కొగూతెమ్', అంటే కోడిపుంజు గుర్తు హోటల్ లాంటిది. కుసొచీన్‌స్కీ అక్కడ సర్వర్. ఒలింపిక్ ఛాంపియన్ వచ్చి టేబుల్ మీద ప్లేటు పెడతాడు. మన దగ్గర పేరున్న మాజీ క్రికెటర్ హోటల్ పెడితే జనం తిండి కోసం కాకపోయినా ఆయన్ని చూడ్డానికి వస్తారు చూడండి, అలా వచ్చేవాళ్లు.

ఇందాక 'ముఖం' అన్నది ఇందుకే. రహస్య సంఘానికి అలాంటి హోటల్ కంటే మంచి చోటు ఏముంటుంది? ఎవరు వచ్చినా వింతగా ఉండదు, ఎవరితో నాలుగు మాటలు మాట్లాడినా అనుమానం రాదు. 'విల్కి' (అంటే తోడేళ్లు) అనే రహస్య సైనిక సంఘంలో ఆయన పనిచేశాడు. అక్కడి మారుపేరు 'ప్రావ్‌జిత్స్'. కానీ నగరమంతా పోల్చుకునే మనిషికి మారుపేరు ఉంటే ఎంత, లేకపోతే ఎంత? రహస్యంగా పనిచేసేవాడికి కావాల్సింది ఎవరికీ గుర్తుండని ముఖం. ఈయనదేమో పత్రికల మొదటి పేజీల్లో పడ్డ ముఖం. అది తెలియనంత అమాయకుడు కాదు కదా. తెలిసే దిగాడు. పరుగు పందెంలో గెలవడం కంటే నాకు ఇదే పెద్ద విషయంగా కనిపిస్తుంది. కాళ్లలో బలముండటం వేరు, గుర్తుపట్టేస్తారని తెలిసి కూడా రోజూ అదే హోటల్‌కి డ్యూటీకి వెళ్లడం వేరు.

1940 మార్చి చివర్లో ఇంటి గేటు దగ్గరే గెస్టపో, అంటే నాజీల రహస్య పోలీసు, పట్టుకుంది. సుమారు మూడు నెలలు జైల్లో పెట్టి చిత్రహింసలు పెట్టారు. ఎవరి పేరూ బయటపెట్టలేదని చెప్తారు.

"ఒక రన్నర్‌ని చంపాల్సిన అవసరమేంటి?" అని నా ఫ్రెండొకడు అడిగాడు. దానికి జవాబు ఒక్క కుసొచీన్‌స్కీని చూస్తే దొరకదు. ఆ వసంతంలో జర్మన్లు 'ఏబీ ఆక్షన్' పేరుతో పోలండ్ పెద్దమనుషుల్ని ఏరి ఏరి చంపడం మొదలుపెట్టారు. ప్రొఫెసర్లు, లాయర్లు, రాజకీయ నాయకులు, మతగురువులు, టీచర్లు. జనం ఎవరి మాట వింటారో వాళ్లని ముందే లేకుండా చేస్తే ఎదురుతిరిగేవాడు ఉండడని లెక్క. క్రీడాకారుడి మాట కూడా జనం వింటారు. పైగా ఈయన సంఘంలో ఉన్నాడు.

జూన్ 20, 21 తేదీల్లో పావియాక్ జైలు నుంచి లారీల్లో పల్మిరికి తీసుకెళ్లి 358 మందిని కాల్చేశారు. పార్లమెంటు మాజీ స్పీకర్ మాచెయ్ రతాయ్, సోషలిస్టు నాయకుడు మియెచిస్వావ్ నియెజావ్‌కోవ్‌స్కీ ఆ గుంపులో ఉన్నారు. 1924 ఒలింపిక్స్‌లో సైక్లింగ్ రజతం గెలిచిన తొమాష్ స్టాంకియెవిచ్ కూడా. ఖైదీలకి మాత్రం వేరే చోటికి మారుస్తున్నామని చెప్పేవాళ్లు. సామాన్లు వెంట తెచ్చుకోనిచ్చేవాళ్లు. గుంటలు ముందే తవ్వి ఉంచేవాళ్లు, పూడ్చాక పైన నాచు పరిచి చిన్న పైన్ మొక్కలు నాటేవాళ్లు.

నేను పల్మిరి వెళ్లాను. వార్సా నుంచి సుమారు 30 కిలోమీటర్లు, కంపినోస్ అడవిలో ఉంటుంది. వెళ్లేముందు నాకు కుసొచీన్‌స్కీ గురించి తప్ప మిగతా సంగతి అంతగా తెలియదు. అక్కడి మ్యూజియంలో అర్థమైంది, ఆ గుంటలు ఎలా బయటపడ్డాయో. అడవిలో పనిచేసే ఫారెస్టు ఉద్యోగులు రహస్యంగా చెట్ల మీద గుర్తులు పెట్టారు. దొరికితే వాళ్లకీ అదే గతి. యుద్ధం అయ్యాక ఆ గుర్తులు పట్టుకుని 1945, 46లో తవ్వి తీశారు. వెంట తెచ్చుకున్న సామాన్లు, జేబుల్లోని కాగితాలు చూసి కొందరిని గుర్తించగలిగారు. ఇప్పుడక్కడ 2,000 మందికి పైగా సమాధులున్నాయి, చాలావాటి మీద పేరు లేదు. నిజం చెప్పాలంటే ఒలింపిక్ ఛాంపియన్ సమాధి కంటే ఆ ఫారెస్టు వాళ్ల సంగతే నన్ను ఎక్కువ కదిలించింది. వాళ్లకి పతకాల్లేవు, వాళ్ల పేర్లతో బళ్లూ లేవు. ప్రశ్న దాటి మాట్లాడుతున్నాననుకుంటే క్షమించండి.

ఇంకొన్ని పేర్లు కూడా చెప్తాను, వెతుక్కోవాలనుకునేవాళ్ల కోసం. యూజెఫ్ నోయి అని, 1936 బెర్లిన్‌లో 5000 మీటర్లలో ఐదో స్థానంలో వచ్చిన రన్నర్. రహస్య పోరాటంలో ఉండి పట్టుబడ్డాడు, 1943లో ఆష్‌విట్జ్ నాజీ శిబిరంలో చంపేశారు. జావెలిన్ త్రోయర్ ఎవుగెనియుష్ లొకయ్‌స్కీది ఇంకో రకం పోరాటం. 1944లో జర్మన్ల మీద జరిగిన వార్సా తిరుగుబాటులో దళ నాయకుడిగా ఉంటూనే కెమెరా పట్టుకుని తిరిగాడు. ఆ తిరుగుబాటుకు సంబంధించి మనం ఇప్పుడు చూసే ఫొటోల్లో చాలా ఆయన తీసినవే. సెప్టెంబరు 25న బాంబుదాడిలో భవనం కూలడంతో చనిపోయాడు. 1936లో జావెలిన్ కాంస్యం గెలిచిన మరియా క్వష్నెవ్‌స్కా మాత్రం బతికింది. బెర్లిన్‌లో హిట్లర్‌తో దిగిన ఫొటో ఒకటి ఆమె దగ్గర ఉండేది. తిరుగుబాటు అణిచేశాక జనాన్ని ప్రుష్కూఫ్ శిబిరంలో కుక్కితే, ఆ ఫొటో కాపలావాళ్లకి చూపించి కొందరిని బయటికి తీసుకొచ్చింది. ఇక్కడ కూడా చూడండి, పనికొచ్చింది జావెలిన్ విసిరే చెయ్యి కాదు, ఆ పతకం వల్ల వచ్చిన ఫొటో.

ఎవరైనా వార్సా వస్తే: పల్మిరికి సెలవు రోజున వెళ్లేలా ఉంటే బస్సు టైములు ముందే చూసుకోండి, తక్కువ ఉంటాయి. దిగాక అడవిలో కొంత నడవాలి, చలికాలమైతే మంచి బూట్లు వేసుకోండి. అథ్లెటిక్స్ ఇష్టమున్నవాళ్లు కుసొచీన్‌స్కీ మెమోరియల్ మీట్ ఎప్పుడో కూడా కనుక్కోండి. 1954లో మొదలైంది, ఏటా ఒకే ఊళ్లో కాకుండా అప్పుడప్పుడూ మారుతుంటుంది.