వెనక్కి తిప్పి చూడు

విశాఖపట్నం

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. ఇంగ్లండ్ రేవు సౌతాంప్టన్ పాత సామాన్ల సంతలో ఏడు పోస్టుకార్డులు, ఏడింటి మీదా ఆ పాత బ్రిటిష్ ప్రయాణికుల ఓడ క్వీన్ మేరీయే! మామయ్య పిచ్చి మేనకోడలికీ అంటుకుందని మీ అత్తయ్య ఒకటే నవ్వు. నాకు సంతోషంగానే ఉంది గానీ, ఏడింటికీ బొమ్మ వైపే ఫొటో తీశావు. వెనక వైపేదీ? అసలు సంగతంతా అటే కదమ్మా ఉండేది.

నా మొదటి కార్డు నేను వెతికితే దొరికింది కాదు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంజనీరింగ్ పుస్తకంలో, ఎవరో పేజీ గుర్తుకు పెట్టుకుని మర్చిపోయారు. మూడు ఎర్ర పొగగొట్టాల ఓడ, ఈ క్వీన్ మేరీయే, కింద మూల చిన్న మడత. వెనక ఒకావిడ నీలం సిరాతో చెల్లెలికి రాసింది: సముద్రం అల్లకల్లోలంగా ఉంది, సూపు ప్లేట్లో నిలవడం లేదు, రెండు రోజులుగా మంచం దిగలేదు. అంతే, నాలుగు లైన్లు. అంత పెద్ద ఓడా అట్లాంటిక్‌లో తెగ ఊగేదని, ఆ ఊగుడు తగ్గించే స్టెబిలైజర్లు 1958లో గానీ బిగించలేదని ఎన్నో ఏళ్ల తర్వాత చదివాను. అప్పుడు మళ్లీ కార్డు తీసి చూశాను. పాపం, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. బొమ్మ వైపు మాత్రం సముద్రం అద్దంలా ఉంది!

సౌతాంప్టన్‌లో నిన్ను అందరూ టైటానిక్ వైపు లాగుతారు. వెళ్లకు. ఆ పేరుతో దొరికే కార్డుల్లో ఎక్కువ ఓడ మునిగాక అచ్చేసినవి. చాలావాటి మీద ఉన్నది దాని అక్క ఒలింపిక్ ఫొటో, కింద పేరు మాత్రం టైటానిక్. పై డెక్కు ముందు సగం అద్దాలతో మూసి ఉంటే టైటానిక్, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తెరిచే ఉంటే ఒలింపిక్. ఇది తెలియక డబ్బు పోసినవాళ్లున్నారు. చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసుకునే పిల్లవి, నీకెందుకు ఆ టెన్షన్? క్వీన్ మేరీ కార్డులు లెక్కలేనన్ని అచ్చయ్యాయి. మామూలువి రెండు మూడు పౌండ్లకు మించి పెట్టకు.

అన్నీ కొనెయ్యాలనీ అనుకోకు. నేను అలాగే పోగేశాను, చూసుకుంటే ఒకే బొమ్మ పదకొండు సార్లు ఉంది. నువ్వుండేది సౌతాంప్టన్‌లో కాబట్టి ఆ రేవులో నిలబడ్డ క్వీన్ మేరీని మాత్రమే పట్టుకో. కింగ్ జార్జ్ డ్రై డాక్‌లో నీళ్లు తోడేసి నిలబెట్టిన ఫొటో కార్డులు ఉంటాయి, ఓడ అడుగు కింద మనుషులు చీమల్లా కనిపిస్తారు. పక్కన ఓషన్ టెర్మినల్ భవనం కనిపిస్తే ఆ ఫొటో 1950కి ముందుది కాదు, ఎందుకంటే దాన్ని తెరిచిందే ఆ ఏడు. ఆ భవనాన్ని 1983లో కూల్చేశారు. పోర్టులో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాణ్ణి కదా, ఓడ కన్నా వెనకున్న రేవు మీదికే నా చూపు ముందు పోతుంది. ఆ 1983లోనే అమెరికాలోని లాంగ్ బీచ్‌లో, ఓడ ఇప్పుడున్న చోట, పక్కనే పెద్ద తెల్ల గుమ్మటం తెరిచారు. అది కనిపించే రంగుల కార్డులు కుప్పలు. ఒక్కటి ఉంచుకో చాలు.

ఇక వెనక వైపు. ఓడ కంపెనీ పేరు ‘కునార్డ్ వైట్ స్టార్’ అని ఉంటే, అది 1934లో రెండు కంపెనీలు కలిశాక పెట్టిన పేరు. 1950 నుంచి మళ్లీ ఉత్త కునార్డ్. దీన్నిబట్టి అచ్చు కాలం తెలుస్తుంది గానీ రాసిన కాలం తెలియదు. పాత కార్డు కొని పదేళ్లు సొరుగులో పెట్టి పోస్టు చేసేవాళ్లు మనింట్లోనే లేరా?

రాసిన కాలం కావాలంటే స్టాంపు, ముద్ర చూడాలి. ఓడ మొదటి ప్రయాణం సౌతాంప్టన్ నుంచి 1936 మే 27న బయల్దేరింది. అప్పటికి రాజు ఎనిమిదో ఎడ్వర్డ్. కానీ ఆయన బొమ్మతో స్టాంపులు వచ్చింది సెప్టెంబరు 1న. డిసెంబరులో ఆయన గద్దె దిగిపోయాడు కూడా. కాబట్టి ఎడ్వర్డ్ స్టాంపు ఉన్న కార్డును ‘మొదటి ప్రయాణంలో పోస్టు చేసింది’ అని ఎవరైనా అమ్మజూపితే ఓ నవ్వు నవ్వి పక్క టేబుల్‌కి వెళ్లిపో. వాదన పెట్టుకోకు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి సముద్రం మధ్యలో ఓడలోనే పోస్టు చేసిన కార్డులు. బ్రిటిష్ ఓడ గనక బ్రిటన్ స్టాంపు, దిగిన రేవు గనక న్యూయార్క్ ముద్ర, పక్కన ‘పాకెబోట్’ అని, అంటే ఓడలో పోస్టు చేసిందని, ఇంకో ముద్ర. బొమ్మ ఎంత మాసినా సరే, అలాంటిది కనిపిస్తే బేరం కూడా ఆడకు.

నేను మోసపోయిన కథ మీ అమ్మకి తెలియదు, చెప్పకు. ఇంటర్నెట్‌లో ఒకడు ‘1936 నాటి అసలు ఫొటో కార్డు’ అని పెడితే, ఆ నెల పెన్షన్‌లో పెద్ద ముక్కే పంపాను. వచ్చాక దుకాణాల్లో దొంగనోట్లు చూసే ఊదా లైటు కింద పెట్టాను. డిటర్జెంట్ యాడ్‌లో చొక్కాలా తళతళా మెరిసింది! కాగితంలో ఆ తెల్లదనం మందు కలపడం యుద్ధం తర్వాత, 1950 ప్రాంతం నుంచే మామూలైంది. మెరిసిందంటే పాతది కాదు. మెరవకపోతే మాత్రం అసలుదే అని సంబరపడకు, భూతద్దం కూడా పెట్టు. పేపర్లో బొమ్మలా చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు, ఫొటో కాదు. అచ్చు కార్డు తప్పేమీ కాదు, రంగుల చిత్రాల్లో చాలావరకు అచ్చులే. ఫొటో ధర పెట్టి అచ్చు కొనడమే తప్పు. కొలత కూడా చూడు. ఆ రోజుల కార్డు అయిదున్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు. ఆరు, నాలుగు ఉంటే తర్వాతిది.

దాచడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జిగురు ఆల్బమ్‌లు, సెల్లోటేపు, లామినేషన్ దగ్గరికి రానివ్వకు. ప్లాస్టిక్ వాసన గుప్పుమనే పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్‌వి అడుగు. కార్డు మీద ఏదీ రాయకు, వివరాలు నోటుబుక్కులో పెట్టు. మన విశాఖ తేమకి నావి కొన్ని బూజు పట్టాయి. మీ హాస్టల్ గదిలో బట్టలు ఆరేసే హీటర్ పక్కన మాత్రం పెట్టకు.

నీ ఫొటోలో మూడో కార్డు చూశావా? పొగగొట్టాలు కూడా బూడిద రంగులోనే ఉన్నట్టున్నాయి. యుద్ధంలో సైనికుల్ని మోయడానికి ఓడకు వేసిన రంగు అది. 1943 జూలైలో ఒక్క ప్రయాణంలోనే 16,683 మందిని మోసింది. మామూలు ప్రయాణికుల కోసం మళ్లీ ముస్తాబై బయల్దేరింది 1947 జూలైలో. లేకపోతే నీ కార్డు ఉత్త నలుపు తెలుపు ఫొటోనో, నీ ఫోన్ కెమెరా మాయో. ఎరుపు పొగగొట్టమైతే పైన నల్ల పట్టీ విడిగా తెలుస్తుంది. ఒకసారి వెలుతురులో పెట్టి చూడు. వెనక చేతిరాత ఉంటే ఈ రాత్రికే ఫొటో తీసి పంపు, నేను పదకొండు దాకా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య