సముద్రం మీద మేఘాలు ఎంత ఎండని ఆపుతాయో ఎలా కొలుస్తారు?

శాటిలైట్‌తో కొలుస్తారు, మేఘం లేనప్పుడు సముద్రం వెనక్కి పంపే వెలుతురెంత, మేఘం ఉన్నప్పుడెంత అని చూసి ఆ తేడా లెక్కేస్తారు. పైనుంచి చూస్తే సముద్రం దాదాపు నల్లగానే ఉంటుంది, పడిన ఎండలో నూటికి పది వంతులు కూడా తిప్పికొట్టదు, అదే దట్టమైన వాన మబ్బైతే సగానికి పైనే తిప్పికొడుతుంది, అందుకే తేడా అంత క్లియర్‌గా దొరుకుతుంది. 2011 అక్టోబర్‌లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో, ఫ్రాన్స్‌ల మేఘా ట్రాపిక్స్ అనే శాటిలైట్‌లో స్కారబ్ అనే పరికరం చేసిన పని ఇదే. ఆ శాటిలైట్ భూమధ్యరేఖ చుట్టుపక్కలే తిరిగేది కాబట్టి ఒకే చోటుని రోజుకి చాలాసార్లు చూసేది, మబ్బులు గంటల్లో మారిపోతాయి కదా మరి. చాలామంది మబ్బంటే చల్లదనమే అనుకుంటారు, అది తప్పు. బాగా ఎత్తులో ఉండే పల్చటి మబ్బులు ఎండని చాలావరకు వదిలేసి, కిందనుంచి పైకొచ్చే వేడిని మాత్రం పట్టేస్తాయి, అంటే వెచ్చబెడతాయి.